గేటు సైగ

ప్రసంగం 612

రాత్రి మంచు పట్టడానికి మేడమీద కట్టిన మంచువల పొద్దున పిండితే బిందెన్నర నీళ్లు వచ్చాయి. అందులో ఒక చెంబు సింహాచలం డ్యూటీకి వెళ్తూ తాగేసి, మూతి తుడుచుకుని, 'మిగతావి వంటకు చాలవా?' అని చేతులతో అడిగాడు. చాలవని తెలిసి అడిగే ప్రశ్నలకు నేను జవాబు చెప్పను. పంపుల మోతకు మా ఆయన వినికిడి పోయింది గానీ వేళాకోళం పోలేదు.

నా పని గాలిలో చేసే పని. చేతులు దించగానే మాయమైపోతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజు ఇలా రాసుకుంటాను. దీపాల వేళకు మమ్మల్ని ఏలే పెద్దాయన మాట్లాడతాడు. మెరకపట్నమంతా ఆయన మాటను చెవిపూసల్లో వింటుంది. మా గిరకలపేటలో మాత్రం వినగలిగేవాళ్లు తక్కువ. కింది నుంచి కొండమీదకు నీళ్లు తోడే పంపుల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఉండే పేట ఇది. మా కోసం తెరమీద పెద్దాయన పక్కన నేను నిలబడి, ఆయన మాటల్ని పంపుహౌసు సైగల్లో చెబుతాను. ఒకసారి నాకు బదులు యంత్రం గీసిన చేతులు పెట్టి చూశారు. పేటంతా తెరల్ని గోడవైపు తిప్పేసింది. మర్నాడే నాకు మళ్లీ కబురొచ్చింది.

ఈ రోజు పెద్దాయన ఇంటి గురించి మాట్లాడాడు. "మెరక మన ఇల్లు. గడప తొక్కిన అతిథికి అన్నం పెడతాం. ఆ అతిథి నట్టింట్లో మంచం వాల్చుకుంటే ఏం చేస్తాం?" అన్నాడు. అతిథి అంటే పల్లపువాళ్లు. సముద్రం మింగేసిన ఊళ్ల నుంచి కొండెక్కి వచ్చేవాళ్లు. మా అమ్మా నాన్నా అలా వచ్చినవాళ్లే, సింహాచలమూ అంతే. అప్పట్లో పాలకులు 'మాకు చేతులు కావాలి' అనేవారట. చేతులతోపాటు ఒక నోరూ ఒక కడుపూ కూడా వస్తాయని అప్పుడెవరికీ తట్టలేదు కాబోలు.

'ఇక్కడికి చాలామంది వస్తున్నారు, అది ఆయనకు ఇష్టం లేదు' అని చెప్పాను. సంగతి అంతే కదా. మంచం సంగతి వదిలేశాను. మా పేటలో అతిథి వస్తే మంచం మనమే వాలుస్తాం, ఆ మాట చెబితే నవ్వుతారు.

ప్రసంగం 614

మా ఆడబిడ్డ పైడమ్మ పల్లం నుంచి చేతిరేడియోలో మాట్లాడింది. కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని విన్నాను.

"ఒదినా, నానే. అన్నతో సెప్పు, మేం బయల్దేరతన్నాం. ఇరవైమందిమి. గుంటకి జొరం తగ్గింది గానీ నడవలేదు. ఎత్తుకోవాల."

ఆమె మాట నేను చేతులతో చెబుతుంటే సింహాచలం రేడియో లాక్కుని నోటితోనే అరిచాడు. తన గొంతు తనకు వినబడదు, అందుకని ఎంత గట్టిగా అరుస్తాడో తెలియదు. "బేగి రండే. తూములోకి దిగినాక గోడ పట్టుకుని నడవండి. నాను గేటుకాడే ఉంతాను." నేను అతని నోరు మూశాను. పక్కవీధికి వినబడిందేమోనని కిటికీ సందులోంచి చూశాను.

పాత తూము అంటే కొండ కడుపులోంచి మా పేట కిందకు వచ్చే సొరంగం. ఇప్పుడు పొడిగానే ఉంటుంది. పేట పైన పెద్ద కాలువ ఉంది. దాని కట్ట తెగితే, పేట మునగకుండా గేటు దించుతారు. కాలువ నీళ్లన్నీ పేటలోకి రాకుండా ఆ సొరంగంలోకి మళ్లి కిందకు పోతాయి. గేటు ఎత్తి ఉన్నంతసేపే సొరంగంలో మనిషి నడవగలడు. ఆ గేటు చక్రం దగ్గర సాయంత్రం డ్యూటీ మా ఆయనది. ఐదు రోజుల్లో వచ్చే సరిహద్దు దినంనాడు ప్రసంగం మొదలవగానే, పల్లపువాళ్లను పైకి రానివ్వని కాపలావాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడి వినాలి. పైడమ్మావాళ్లు బయటికి రావాల్సింది ఆ గంటలోనే.

"లోనికి దిగితే రేడియో పలకదంట గదా ఒదినా. మరింక మాటుండదు. అక్కడికొచ్చినాకే" అంది పైడమ్మ. వెనకాల ఆ గుంట, పైడమ్మ కూతురు, ఏదో పాట కూనిరాగం తీస్తోంది. దాని పేరు మల్లి. నేనింకా చూడలేదు.

ప్రసంగం 615

"దీన్ని వలస అనకండి. ఇది వరద" అన్నాడు పెద్దాయన. "వరదకు మంచీ చెడూ ఉండవు. వరదతో మాట్లాడలేం. వరదను బతిమాలం. కట్ట కడతాం, గేటు దించుతాం."

నా చేతులు ఒక్క క్షణం గాలిలో నిలిచిపోయాయి. తర్వాత 'చాలామంది మనుషులు' అని చెప్పేసి ముందుకు వెళ్లిపోయాను. ఎవరూ గమనించలేదనుకుంటాను.

మా సైగల్లో వానకు మాట ఉంది, సముద్రానికి ఉంది, ఏటికి ఉంది. వరదకు ఉన్నది మాట కాదు. రెండు పిడికిళ్లు తలపైన అడ్డంగా కలిపి, ఒక్కసారి కిందకు లాగితే, అది గేటు సైగ. పంపుల మోతలో ఎంత అరిచినా వినబడదు కాబట్టి పుట్టింది. కట్ట తెగింది, గేటు దించు అని దాని అర్థం. అది చూసినవాడు ముందు పక్కవాడికి అందించాలి, తర్వాతే తన పిల్లల్ని ఎత్తుకోవాలి. దాన్ని కథల్లో చెప్పరు, ఎగతాళికి చెయ్యరు. ఆటల్లో చేసిన పిల్లలకు వీపు విమానం మోత మోగుతుంది. మా అమ్మ నా మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్క విషయానికే.

అందుకని పెద్దాయన వరద అన్నప్పుడు, వరద లాంటిది అని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదల్లా నిజం వరదే.

ప్రసంగం 616

శేషఫణిగారు వచ్చాడు. పెద్దాయన ప్రసంగాలు రాసేది ఈయనేనని అందరికీ తెలుసు, చూసినవాళ్లు తక్కువ. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. ప్రసార భవనంలో నాకు కుర్చీ చూపించి తను నిలబడ్డాడు. అలాంటి మర్యాదంటే నాకు చచ్చేంత భయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఏమీ అనకముందే "నాకేం తెలియదండీ" అనబోయి ఆపుకున్నాను.

"జలజగారూ, మీ చేతులంటే మా అమ్మాయికి ఎంత ఇష్టమో. మీరు తెరమీద ఉంటేనే అన్నం తింటుంది" అన్నాడు.

"అలాగాండీ."

"చిన్న సందేహం. ప్రసంగం అయ్యాక ప్రతి పేటలోనూ గుండె వేగం పెరుగుతుంది. మీ గిరకలపేటలో గుండె కొలిచే చేతి కడియాలు చూస్తే కదలికే లేదు. నిన్నయితే కొంచెం తగ్గింది కూడా."

"మావాళ్లు మొద్దు మనుషులండీ. మోతల్లో బతికినవాళ్లు."

ఆయన నవ్వాడు. "నిన్న నేను రాసింది వరద. మీరు చెప్పింది చాలామంది మనుషులు. మీ సైగలు నేనూ కొద్దిగా నేర్చుకున్నాను."

"రెండూ ఒకటే కదండీ" అన్నాను.

"కాదు కదా. మనుషులు అనగానే ఎవరు, ఎందుకొచ్చారు, తిన్నారా అని అడగాలనిపిస్తుంది. మనిషి తలుపు కొడితే తియ్యాలనిపిస్తుంది. అది మంచి గుణమే, నేను కాదనను. నీళ్లు తలుపు కొడితే ఎవరూ తియ్యరు. పల్లపువాళ్లను ద్వేషించమని నేను ఎప్పుడూ రాయలేదు. వెతుక్కోండి, ఒక్క ప్రసంగంలోనూ ఆ మాట ఉండదు. నేను నీళ్ల గురించి రాస్తాను. మిగతాది జనమే చేసుకుంటారు."

ఇదంతా పిల్లలకు పాఠం చెబుతున్నట్టు ఓపికగా చెప్పాడు. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా భయమేసింది.

"మీ సైగల్లో వరద లేదా?" అన్నాడు.

లేదంటే పోయేది. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని ఊరికే అనలేదు. నా పని నాకు బాగా తెలుసని చూపించుకోవాలన్న పాడుబుద్ధి ఒకటి, ఎలాగైనా ఆయన్ని ఆపాలన్న ఆత్రం ఒకటి. "ఉందండీ, కానీ అది వాడకూడదు" అంటూ మొదలుపెట్టాను. "అది హెచ్చరికండీ. చూశాక ముందూ వెనకా ఆలోచించరు. నిజమా అని అడగరు. పక్కవాళ్లకు అందించి పరిగెడతారు."

నేను చెప్పేకొద్దీ ఆయన ముఖం విప్పారుతూ వచ్చింది.

"నిజమా అని అడగరా?"

"అడగరండీ."

"ప్రతి మనిషీ ఇంకొకరికి అందిస్తాడా?"

"అందించాలండీ. అది మా కట్టుబాటు."

ఆయన మొదటిసారి కూర్చున్నాడు. "నేను ఇన్నాళ్లుగా ఇలాంటి మాట కోసమే వెతుకుతున్నాను" అన్నాడు.

ప్రసంగం 617

సరిహద్దు దినం ప్రసంగంలో వరద అన్నచోట గేటు సైగ చెయ్యాలట. అది ఎల్లుండి. పైడమ్మావాళ్లు ఈపాటికి సొరంగంలోకి దిగే ఉంటారు. వెనక్కి వెళ్లమని చెప్పే దారి లేదు.

శేషఫణిగారి గదికి వెళ్లి బతిమాలాను. "అది చూస్తే నిజంగానే గేటు దించేస్తారండీ. ప్రమాదం" అన్నాను.

"దించితే ఏమవుతుంది? ఖాళీ సొరంగంలోకి కాసేపు నీళ్లు పోతాయి. మళ్లీ ఎత్తుతారు. నష్టమేముంది?"

ఖాళీ కాదండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. చెబితే కాపలావాళ్లు సొరంగం రెండు చివరలా నిలబడతారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో కిందటి ఏడు దక్షిణపు వాలులో పల్లపువాళ్లు పట్టుబడ్డప్పుడు చూశాం.

"మీకు అంత ఇబ్బందైతే మానేయండి" అన్నాడాయన, నిజంగా నా మేలు కోరేవాడిలా. "ఆరొందల ప్రసంగాల్లో మీ చేతులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈసారి గీసినవి కాదు, మీవే. మీ ఆయన కూడా తేడా పట్టలేడు. కానీ మీరే చేస్తే నాకు తృప్తిగా ఉంటుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చెయ్యనంటే నా చేతులే చేస్తాయి, నేను లేకుండా. నేనే చేస్తే కనీసం దానికి ముందు 'ఆయన అంటున్నాడు' అని ఒక మాట కలపగలను. ఆ ఒక్క మాట మీద ఆశ పెట్టుకుని సరేనన్నాను.

తీగబండిలో ఇంటికొస్తుంటే పక్క సీటులో ఒకావిడ తన సంచిలోంచి ఉడకబెట్టిన చిలగడదుంప తీసి సగం నాకిచ్చింది. నా ముఖం పాలిపోయి ఉందట. తిన్నాను. కిటికీలోంచి కొండవాలు చూస్తూ ఆవిడే మొదలెట్టింది. "పాపం, వాళ్లూ మనుషులేనమ్మా. నాకూ తెలుసు. కానీ వరద కదా, ఏం చేస్తాం" అంది. అది శేషఫణిగారి మాట అని ఆవిడకు తెలియదు. తన మనసులోంచే వచ్చిందనుకుంటోంది.

ప్రసంగం 618

సింహాచలానికి అంతా చెప్పాను. దీపం ముందు కూర్చుని, గోడమీద నీడలు పడకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పాను. నేనే నోరుజారి శేషఫణిగారికి ఆ సైగ సంగతి చెప్పానన్నది కూడా దాచలేదు.

తిట్టలేదు. 'పేటంతా చెప్పేద్దామా, రేపు వచ్చేది అబద్ధమని?' అన్నాడు.

'పేటలో ఎవరు శేషఫణిగారి మనిషో నీకు తెలుసా?'

తెలియదన్నాడు. ఒక్కరి చెవిన పడినా సొరంగం సంగతి బయటపడుతుంది. ఇంకా భయపెట్టేది ఇంకొకటుంది. రేపు వచ్చేది అబద్ధం అని పేటకు ఒకసారి చెబితే, ఎప్పుడో నిజంగా కట్ట తెగిననాడు ఎవరూ కదలరు. మూడొందల ఇళ్లు. అది ఇద్దరం పైకి అనుకోలేదు.

'గేటు దించేది నేనే కదా' అన్నాడు చివరికి. 'నువ్వు తెరమీద పిడికిళ్లు ఎత్తితే నేను దించను. ఎవరు పరిగెత్తినా, ఎంత గోల చేసినా దించను. సరేనా?'

సరేనన్నాను. గేటు గదిలో తెర లేదు. పేటలో ఆ వేళకు చాలామంది ఇళ్లల్లో తెరల ముందే ఉంటారు. కంగారుపడి బయటికొస్తారు, నీళ్లు లేవని చూసుకుంటారు, మళ్లీ లోపలికి పోతారు. ఈలోగా పైడమ్మ వచ్చేస్తుంది. ఇలా నాకు నేను నాలుగైదుసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ కొంచెం ధైర్యం వచ్చింది, మళ్లీ పోయింది.

అతను మాత్రం లేచి, వాళ్లకోసం ఉలవలు నానబెట్టాడు. పిల్ల ఉందిగా, మెత్తగా ఉడకాలి అన్నాడు.

ప్రసంగం 619, సరిహద్దు దినం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దీపాల వేళకు పెద్దాయన మొదలుపెట్టాడు. ముందు ఇల్లు, తర్వాత అతిథి, తర్వాత గాదెలో పురుగు. అన్నీ మామూలుగానే చెప్పాను. అద్దం వెనక శేషఫణిగారు నిలబడి తన మాటలతోపాటు పెదవులు కదుపుతున్నాడు. "వరద వస్తోంది" అన్నాడు పెద్దాయన. 'ఆయన అంటున్నాడు' అని చెప్పి, పిడికిళ్లు ఎత్తాను. నేను సైగను చిన్నది చెయ్యాలని, ఛాతీ దగ్గరే చెయ్యాలని అనుకున్నాను. చేతులు వినలేదు. పుట్టినప్పటి నుంచి చూసిన సైగ అది, సగం చెయ్యడం వాటికి రాదు. తలపైకి లేచి, అడ్డంగా కలిసి, కిందకు దిగాయి.

ప్రసంగం అయ్యాక శేషఫణిగారు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా తీగబండికి పరిగెత్తాను.

తీగబండి మా పేట పైనుంచి వెళ్తుంది. కిందికి చూడకూడదనుకుని చూశాను. మేడలమీద జనం. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, పొడి వీధుల్లోకి తొంగిచూస్తూ నిలబడ్డారు. గేటు స్తంభం మీద ఎర్రదీపం వెలుగుతోంది. గేటు కిందకు ఉంటేనే ఆ దీపం వెలుగుతుంది.

కాలువ నిండుగా ఉంది. కట్ట ఎక్కడా తెగలేదు. ఆ నీళ్లన్నీ ఒక్క దిక్కుకు తిరిగి సొరంగంలోకి పోతున్నాయి.

నేను వెళ్లేసరికి సింహాచలం గేటు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. వేళ్లు విడదియ్యడానికి చాలాసేపు పట్టింది. చేతులు వదిలించాక మాట్లాడాడు.

'కట్ట ఎక్కడ తెగింది?' అన్నాడు.

నేను వంగి దీపం వెలిగించాను. అతనే చెప్పుకొచ్చాడు.

'నీ మాటయితే నమ్మకూడదనే కూర్చున్నాను. వీధిలో జనం పరిగెత్తినా కదల్లేదు. అప్పుడు బంగారయ్య మావ చేశాడు. ఆయన తెర చూడడని నీకు తెలుసు కదా. మేడమీద మంచువల కడుతున్నాడు. కాలువ కనబడే మేడ అది ఒక్కటే. కాలువవైపు నుంచి ఇటు తిరిగి చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏడుస్తూ చేశాడు. అంతమంది పిల్లలున్నారు పేటలో. పైడమ్మకు నేను చెప్పుకుంటానులే అనుకున్నాను. దించాను.'

బంగారయ్య మావ మా పేటలో అందరికంటే పెద్ద. జీవితంలో అబద్ధమాడి ఎరగడు. ఇప్పుడూ ఆడలేదు. తనకు అందింది, అందించాడు.

అప్పుడే చెప్పాల్సింది. కట్ట తెగలేదని అప్పుడే చెప్పాల్సింది. నాకు భయమేసింది. 'పద, గేటు ఎత్తుదాం' అని మాత్రం అన్నాను. ఇద్దరం కలిసి చక్రం తిప్పాం. నీళ్లు మళ్లాయి. అతను దీపం పట్టుకుని సొరంగంలోకి దిగి, చాలాదూరం వెళ్లి, వెనక్కి వచ్చాడు. అక్కడ తడి తప్ప ఏమీ లేదన్నాడు.

ప్రసంగం 620

నేను పనికి వెళ్లలేదు. ఇంట్లోని తెరమీద శేషఫణిగారి కబురు వెలిగింది. గుండె వేగంలో గిరకలపేట నిన్న పట్నమంతటికీ మొదట వచ్చిందట. నాకూ నా కుటుంబానికీ అభినందనలట.

సింహాచలం పొద్దున్నే కాలువ గట్టు పొడవునా నడిచి వచ్చాడు. గండి ఎక్కడా లేదని చూసుకున్నాడు. నన్నేమీ అడగలేదు. ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని మళ్లీ బయటికి వెళ్లాడు. గేటు దించినవాడు మర్నాడు పేటలో అడగడం మా ఆచారం. నీళ్లు ఎవరు చూశారని అడుగుతాడు. తను చూసినవాడు తన గుండెమీద చెయ్యి వేసుకుంటాడు. చూడనివాడు, తనకు ఎవరు అందించారో వాళ్లను చూపిస్తాడు. దీనికి ఎవరూ అడ్డు చెప్పరు, కోపగించుకోరు. పంపుహౌసులో పెద్దలు పెట్టిన పద్ధతి. కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అలాగే తెలిసేది.

కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ రాస్తున్నాను.

బంగారయ్య మావ మేడ దిగి గుమ్మంలోకి వచ్చాడు. నీళ్లు చూశావా మావా అని అడిగితే, లేదన్నట్టు తల తిప్పి తన భార్య గౌరమ్మత్తను చూపించాడు. ఆయనది గట్టి గొంతు, ఇక్కడికి వినబడింది. "నాను సూడలేదురా అబ్బాయ్. మీ అత్త కిటికీలోంచి సేసింది, ఏడుపొచ్చీసింది, సేసేసినాను." గౌరమ్మత్త ఎదురింటిని చూపించింది. ఎదురింట్లో తండ్రి కొడుకును చూపించాడు. కొడుకు వీధి చివర నూకాలమ్మ ఇంటిని చూపించాడు. అక్కడ ఒకళ్ల నుంచి ఒకళ్లకు చాలాసేపు పట్టింది. ఎవరూ గుండెమీద చెయ్యి వేసుకోలేదు. సింహాచలం ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, అందరినీ అదే ప్రశ్న, అంతే మర్యాదగా అడుగుతున్నాడు. నూకాలమ్మ తన పక్కింటిని చూపించింది. ఆ తర్వాత వరస మా వీధిలోకి తిరిగింది.

పారిపోదామనిపించింది. ఎక్కడికి పోతాను? పెరటి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాకు శేషఫణిగారంటే భయమేసింది, కాపలావాళ్లంటే భయమేసింది, పెద్దాయన గొంతంటే ఇన్నేళ్లూ భయమే. సింహాచలం అడుగు వేస్తుంటే ఇప్పుడు వేసినంత భయం మాత్రం ఎన్నడూ ఎరగను.

మా పక్కింటి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. అతను అడిగాడు. ఆ పిల్ల వెంటనే చూపించలేదు. మా ఇంటివైపు ఒకసారి చూసి, తల వంచుకుని, మెల్లిగా నా పేరు సైగ చేసింది.

ఇది అతను వచ్చాక రాస్తున్నది.

లోపలికి వచ్చి నా ఎదురుగా చాపమీద కూర్చున్నాడు. పేటలో అందరినీ అడిగినట్టే, అదే మర్యాదతో అడిగాడు. 'నీళ్లు ఎవరు చూశారు?'

'ఎవరూ చూడలేదు' అన్నాను. 'కట్ట తెగలేదు. నీళ్లు రాలేదు.'

తల ఊపాడు. గట్టంతా నడిచి వచ్చినవాడికి అది కొత్త సంగతి కాదు. నా నోట, అదే నా చేతుల నుంచి, రావాలని అడిగాడు. పొయ్యి పక్కన నానిన ఉలవలు అలాగే ఉన్నాయి. వాటికేసి చూస్తూ రెండోది అడిగాడు.

'మరి నేను గేటు దించింది ఎవరి మీద?'

అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. పెద్దాయన చెప్పినట్టు వరద మీద అని చెప్పడానికి ఇప్పుడు నాకు చేతులు రాలేదు. పైడమ్మ పేరు సైగ చేశాను. మల్లి పేరు చేశాను. మిగతావాళ్ల పేర్లు నాకు తెలియవు.